పోగొట్టిన సమాచారానికి పరిహారం చెల్లించవలసినదే

సూరత్ నగరానికి దక్షిణాన, ఉధనా జంక్షనుకు చేరువలో, పాండేసర పారిశ్రామికవాడ ఉన్నది. రాత్రింబగళ్ళు పొగ వదిలే అద్దకపు మిల్లులు, చెవులు దిబ్బెళ్ళు పడేటట్లు మోగే మరమగ్గాల షెడ్లు, వాటి వెనుక ఇరుకు గదులలో వంతుల ప్రకారం నిద్రించే కార్మికులు. ఇదీ ఆ వాడ స్వరూపం. ఒడిశా, ఉత్తరప్రదేశ్, బీహారు, మహారాష్ట్రల నుండి వచ్చినవారితో పాటు కరీంనగర్, వరంగల్లు, నల్లగొండ ప్రాంతాల నుండి మగ్గాన్ని నమ్ముకొని వలసవచ్చిన తెలుగు కుటుంబాలు తరాలుగా సూరత్‌లో జీవిస్తున్నవి. ఆ నగరపాలక సంస్థ తెలుగు మాధ్యమంలో పాఠశాలలు నడుపుతున్నదంటే మనవారి సంఖ్య ఎంతటిదో ఊహించవచ్చును. నవజీవన్ ఎక్స్‌ప్రెస్సులో వరంగల్లుకు పోయివచ్చే వీరిని మన రైల్వే సోదరులు ఎరుగుదురు. ఇంటికి నాలుగు డబ్బులు పంపుకొనుటకు కౌంటరు ముందు నిలబడే వీరిని మన తపాలా సోదరులు అంతకంటె బాగుగా ఎరుగుదురు.

ఒకనాడు ఆ కార్మికుని సర్వస్వం ఒక ట్రంకుపెట్టెలో ఉండేది. రేషను కార్డు, మనియార్డరు రసీదులు, ఇంటి నుండి వచ్చిన ఉత్తరాలు, అప్పు పత్రం నకలు, పిల్లల ఛాయాచిత్రం, అన్నీ అందులోనే. నేడు ఆ పెట్టె స్థానాన్ని చేతిఫోను ఆక్రమించినది. బ్యాంకు పంపే రహస్య సంఖ్య ఆ నంబరుకే వస్తుంది. ఆధారుకు ముడిపడినది ఆ నంబరే, ఈ-శ్రమ్ కార్డుకు ముడిపడినదీ ఆ నంబరే. ఈ పక్షంలో ఎన్ని మీటర్ల బట్ట నేసినదీ చిత్తుకాగితంపై వేసుకున్న లెక్కకు తీసిన ఫొటో అందులోనే ఉన్నది. జీతం చీటీ ఇవ్వని యజమానితో తగాదా వచ్చిననాడు ఆ ఫొటో తప్ప అతనికి మరొక సాక్ష్యం లేదు.

ఇంతటి మూటను తన గోదాములో భద్రపరుస్తానని పుచ్చుకున్న కంపెనీ ఒకనాడు తీరికగా వచ్చి "పోయినది, మన్నించండి" అంటే బాధ్యత ఎవరిది? చెల్లించవలసినది ఎంత? ఎవరికి చెల్లించాలి? ఈ మూడవ ప్రశ్నకు ఇంతవరకు చట్టంలో ఉన్న సమాధానం కొద్ది నెలలలో తారుమారు కాబోతున్నది. పత్రికలలో దీనిపై జరగవలసిన చర్చ జరగలేదు. కనుక మేము ఈ వ్యాసాన్ని పాఠక సోదరుల ముందు ఉంచుతున్నాము.

నూరు డాలర్ల కంటితుడుపు

2009 అక్టోబరు మాసారంభంలో అమెరికాలోని టీ-మొబైల్ సంస్థ చందాదారులు లక్షల మంది తమ ఫోనులలో పేర్లు, నంబర్లు, ఛాయాచిత్రాలు, గుర్తు పెట్టుకున్న తేదీలు కనబడక గగ్గోలు పెట్టినారు. ఆ ఫోను పేరు సైడ్‌కిక్. దానిని రూపొందించిన కంపెనీ పేరు డేంజర్, అనగా అపాయం! ఆ పేరు పెట్టినవారి ముందుచూపును మెచ్చుకొనవలసినదే. 2008లో ఆ కంపెనీని మైక్రోసాఫ్ట్ కొనివేసినది. సైడ్‌కిక్ ప్రత్యేకత ఏమనగా చందాదారుని సమాచారం అతని చేతిలోని పరికరంలో స్థిరంగా నిలిచి ఉండదు. అది కంపెనీవారి సర్వర్లలో ఉంటుంది, అక్కడి నుండి ఫోనుకు వస్తుంది. ఇదే గొప్ప సౌకర్యమని చెప్పి ఆ ఫోనును అమ్మినారు. సర్వర్లు చెడిన తరువాత, బ్యాటరీ తీయవద్దు, ఫోను ఆరిపోనివ్వవద్దు, ఆరిపోయినచో మిగిలినది కూడా పోగలదని చందాదారులను హెచ్చరించినదీ ఆ కంపెనీయే.

అక్టోబరు 10వ తేదీన అసలు సంగతి బయటపడినది. చందాదారుల సమాచారం దాదాపు నిశ్చయంగా పోయినట్లేనని ప్రకటన వెలువడినది. మూల నిల్వతో పాటు దాని నకలు కూడా దెబ్బతిన్నదని మైక్రోసాఫ్ట్ వివరణ ఇచ్చినది. అసలు పోయిననాడు ఆదుకొనుటకే కదా నకలు! రెండూ ఒకే దెబ్బకు పోయే విధంగా ఉంచినవాడు నకలు ఉంచినట్లా, ఉంచినట్లు నటించినట్లా? దాదాపు 8 లక్షల మంది ఈ ఫోను వాడుతున్నారని నాటి వార్తలు చెప్పినవి.

అక్టోబరు 12న టీ-మొబైల్ తన ఔదార్యాన్ని చాటుకున్నది. సమాచారాన్ని శాశ్వతంగా, గణనీయంగా కోల్పోయినవారికి తలకు 100 డాలర్ల కార్డు ఇస్తామన్నది. ఒక నెల డేటా రుసుము మాఫీని అంతకు ముందే ప్రకటించి ఉన్నది. పాఠకులు ఆ కార్డు పేరును గమనించవలెను. అది నష్టపరిహారపు కార్డు కాదు. చందాదారుని పట్ల మెప్పును తెలిపే కార్డు! దానిని ఆ కంపెనీ సరుకుల కొనుగోలుకో, ఆ కంపెనీ బిల్లుకో వాడుకొనవలెను. అనగా కుడిచేతితో ఇచ్చిన డబ్బు ఎడమచేతిలోనికే తిరిగి వస్తుంది. మన గ్రామాలలో కూలి డబ్బులకు బదులు తన దుకాణపు చీటీలు ఇచ్చే షావుకారును మనం ఎరుగుదుము. అతనికి ఆంగ్ల పేరు పెట్టినంత మాత్రాన అతడు దాత కాజాలడు.

అక్టోబరు 15న మైక్రోసాఫ్ట్ మరొక ప్రకటన చేసినది. పోయినదనుకున్న సమాచారంలో అత్యధిక భాగాన్ని తిరిగి రాబట్టగలిగినామన్నది. న్యాయంగా చెప్పవలసివస్తే అది మంచి వార్తయే, చాలామంది సమాచారం వారికి చేరినది. కాని అది తిరిగి రాకపోయి ఉంటే ఏమయ్యేది? కోర్టుకెక్కినవారి సంగతి అటుంచి, తక్కినవారి ఖాతా నూరు డాలర్ల కార్డుతో మూతపడేది. ధరను నిర్ణయించినది పోగొట్టినవాడు. పోగొట్టుకున్నవానిని అడిగినవారు లేరు. మేము తప్పుపడుతున్నది ఈ పద్ధతిని. సొమ్ము తక్కువైనందుకు కాదు, తన తప్పుకు తానే న్యాయమూర్తియై తీర్పు చెప్పుకున్నందుకు.

ఇది ఒక్కసారితో ఆగినదా? అదే టీ-మొబైల్ నుండి 2021లో 7 కోట్ల 66 లక్షల మంది సమాచారం దొంగల పాలైనది. దానిపై నడిచిన వ్యాజ్యంలో 2022లో 35 కోట్ల డాలర్లకు రాజీ కుదిరినది. తల ఒక్కింటికి లెక్కవేస్తే 5 డాలర్లు కూడా రాదు, వకీళ్ళ రుసుము మినహాయించకుండానే. దక్షిణ కొరియాలో 2025 ఏప్రిల్‌లో ఎస్‌కే టెలికాం చందాదారుల సిమ్ సమాచారం రెండు కోట్ల మందికి పైగా బయటికి పొక్కినది. అక్కడి ప్రభుత్వ సంఘం 13,400 కోట్ల వన్‌ల పైచిలుకు జరిమానా విధించినది. కంపెనీ సిమ్‌లను ఉచితంగా మార్చి, ఆగస్టు నెల బిల్లులో సగం తగ్గించినది. కాని ఫిర్యాదు చేసిన దాదాపు 4,000 మందికి తలకు 3 లక్షల వన్‌లు చెల్లించమని మధ్యవర్తిత్వ సంఘం సూచించినప్పుడు మాత్రం ససేమిరా అన్నది. ప్రభుత్వానికి కట్టిన జరిమానా ఒక దారి, మనిషికి చెల్లించవలసిన పరిహారం మరొక దారి. ఈ తేడాను పాఠకులు గుర్తుంచుకొనవలెను. మన దేశపు కథ ఇక్కడనే ఉన్నది.

సైడ్‌కిక్ ఎక్కడ, పాండేసర ఎక్కడ అని ఎవరైనా అడుగవచ్చును. 2024 ఆగస్టులో జియో సంస్థ తన చందాదారులకు 100 జీబీ వరకు నిల్వ స్థలం ఉచితమని ప్రకటించినది. 2025 మే నెలలో ఎయిర్‌టెల్ సంస్థ గూగుల్‌తో కూడి తన పోస్టుపెయిడు, వై-ఫై చందాదారులకు ఆరు నెలల పాటు 100 జీబీ ఇస్తామన్నది. మీ ఫోను నిండిపోయినదా, మా దగ్గర దాచుకొనండి అన్నదే పిలుపు. తక్కువ ధర ఫోను కొనుక్కున్న కార్మికునికి ఈ పిలుపు తీయగా వినబడుతుంది. ఆ కంపెనీలు రేపే పోగొడతాయని మేము అనడం లేదు. సైడ్‌కిక్ నాటి ఏర్పాటే, అనగా మన సమాచారం కంపెనీ గోదాములో ఉండే ఏర్పాటే, నేడు కోట్లాది భారతీయులకు వర్తిస్తున్నదని మాత్రమే చెబుతున్నాము. ఉచితం కనుక బాధ్యత లేదనే వాదన చెల్లదు. చందాదారుడు మరొక కంపెనీకి పోకుండా కట్టివేయుటకు ఆ ఉచితం ఒక తాడు. దాని ధర రీఛార్జిలోనే ఉన్నది.

మన రసీదు, వారి షరతులు

రైల్వే, తపాలా ఉద్యోగులకు ఈ విషయంలో మాట్లాడే అర్హత ఇతరులకంటె ఎక్కువ. పరుల సొత్తును పుచ్చుకొని, భద్రంగా మోసి, చేర్చవలసిన చోటికి చేర్చడమే మన వృత్తి. సూరత్‌లో ఒక వ్యాపారి చీరల బేళ్ళను రైలుకు ఎక్కించినాడనుకొందాము. గుమాస్తా రసీదు వ్రాసి ఇచ్చిన క్షణం నుండి ఆ బేళ్ళకు రైల్వే బాధ్యురాలు. ఒకప్పుడు రైల్వే తాను కేవలం సొత్తును దాచి ఉంచినవాని వంటిదాననీ, తన అజాగ్రత్త రుజువైతేనే చెల్లిస్తాననీ అనేది. 1961లో చట్టం మారినది. 1962 జనవరి 1 నుండి రైల్వే సాధారణ రవాణాదారుగా పూర్తి బాధ్యత వహించవలసివచ్చినది. నేడు అమలులో ఉన్న 1989 రైల్వే చట్టం 93వ సెక్షను ప్రకారం సరుకు పోయినా, చెడినా రైల్వేయే సమాధానం చెప్పవలెను. దైవికం, యుద్ధం వంటి కారణాలు చూపినా సరిపోదు. తాను తగిన ముందుచూపు, శ్రద్ధ వహించినానని కూడా రైల్వేయే రుజువు చేసుకొనవలెను. రుజువు భారం మోసేవానిపై ఉన్నది, పోగొట్టుకున్నవానిపై లేదు. దీనికై 1987 చట్టం ప్రకారం ప్రత్యేకంగా క్లెయిముల ట్రిబ్యునలు ఉన్నది.

ఇక తపాలా మాట. ఇక్కడ మేము ఆత్మవిమర్శ చేసుకొనక తప్పదు. ప్రభుత్వం ప్రత్యేకంగా ఒప్పుకున్నంత వరకే తప్ప ఉత్తరం పోయినా, ఆలస్యమైనా, చెడినా బాధ్యత లేదని 1898 తపాలా చట్టం 6వ సెక్షను చెప్పినది. దాని స్థానంలో 2024 జూన్ 18 నుండి అమలులోకి వచ్చిన 2023 చట్టమూ అదే ధోరణిని నిలబెట్టినది. తెల్లవాడు తన ఖజానాను కాపాడుకొనుటకు వేసిన గోడను స్వతంత్ర ప్రభుత్వం సున్నం కొట్టి మరల నిలబెట్టినది. దీనిని మేము సమర్థించము. ప్రభుత్వ శాఖయే బాధ్యత తప్పించుకొన్నప్పుడు మమ్ములను ఎందుకు పట్టుకొంటారని ఫోను కంపెనీల వకీళ్ళు అడుగకపోరు. దానికి మా సమాధానం ఒక్కటే. ఆ గోడలోనైనా ఒక తలుపు ఉన్నది. పంపేవాడు విలువ ప్రకటించి బీమా చేయించుకొంటే తపాలా శాఖ ఆ హద్దు మేరకు నష్టాన్ని చెల్లిస్తుంది. స్పీడుపోస్టు పోతే రుసుముకు రెట్టింపో, వెయ్యి రూపాయలో, ఏది తక్కువైతే అది చెల్లించే నియమం ఉన్నది. ఆ మొత్తం అల్పమే, సందేహం లేదు. అయినా అది ముందుగా అచ్చువేసిన నియమం. పోయిన తరువాత అధికారి దయతలచి ఇచ్చే మెప్పుకార్డు కాదు.

ఫోను కంపెనీ ఇచ్చే రసీదు ఏది? చందాదారుడు సిమ్ పుచ్చుకొనేనాడు, లేక ఒక యాప్ తెరిచేనాడు, పేజీల కొద్దీ సాగే షరతులకు "అంగీకరిస్తున్నాను" అని ఒక గడిని నొక్కుతాడు. అవి ఎక్కువగా ఆంగ్లంలో ఉంటాయి. పాండేసరలోని తెలుగు నేతగాడు వాటిని చదివి, అర్థం చేసుకొని, తూచి చూచి అంగీకరించినాడని నమ్మగలవారు ఎవరైనా ఉంటే వారికి మా నమస్కారం. సమాచారం పోతే మేము బాధ్యులం కాము అనే వాక్యం ఆ పేజీలలో ఎక్కడో దాగి ఉంటుంది. రైల్వే రసీదు వెనుక గుమాస్తా తనకు తోచిన వాక్యం ఒకటి వ్రాసుకొని 93వ సెక్షనును రద్దు చేయగలడా?

పోయిన సమాచారానికి విలువ కట్టడం అసాధ్యమని మరొక వాదన. బేళ్ళకు ధర ఉన్నది, ఫొటోకు ధర ఎక్కడిది అంటారు. రైలు ప్రమాదంలో ప్రాణం పోతే ఆ ప్రాణానికి ధర ఎక్కడిది? అయినను తప్పెవరిదో విచారించకుండానే చెల్లించవలెనని చట్టం ఒక మొత్తాన్ని నిర్ణయించినది. 2017 జనవరి 1 నుండి అది 4 లక్షల నుండి 8 లక్షలకు పెరిగినది. మృతుని ఆదాయమెంత, అతడు ఇంకెంతకాలం జీవించేవాడు అనే ప్రశ్నలు అక్కడ లేవు. మనిషి ప్రాణానికే పట్టిక వేయగలిగిన ప్రభుత్వానికి పోయిన నంబరుకు, పోయిన నిల్వకు, పొక్కిన ఆధారు నకలుకు పట్టిక వేయడం చేతకాదా?

చట్టం ఇచ్చినది, చట్టమే తీసుకొంటున్నది

మన దేశంలో ఫోను చందాదారునికి పరిహారం అనే మాట ఎత్తినప్పుడెల్లా కంపెనీలు ఏమి చేసినవో కొంత చెప్పవలసి ఉన్నది. మాట మధ్యలో తెగిపోయిన కాలుకు ఒక రూపాయి చొప్పున, రోజుకు మూడు రూపాయలు మించకుండా చందాదారునికి జమ చేయవలెనని ట్రాయ్ 2015 అక్టోబరులో నియమం చేసినది. 2016 జనవరి 1 నుండి అమలు కావలెను. ఒక్క రూపాయి! ఆ రూపాయి చెల్లించకుండుటకు కంపెనీలన్నీ ఏకమై సుప్రీంకోర్టు దాకా పోయినవి. 2016 మే 11న ఆ నియమం నిర్హేతుకమని కొట్టివేయబడినది. యాజమాన్యాల ఐక్యత ఎంత గట్టిదో మనకు పాఠం చెప్పుటకు ఇంతకంటె మంచి ఉదాహరణ లేదు. జిల్లా అంతటా 24 గంటలకు మించి సేవ నిలిచిపోతే అద్దెలో తగ్గింపు, ప్రీపెయిడు వారికి గడువు పొడిగింపు ఇవ్వవలెనని 2024లో ట్రాయ్ చేసిన నిబంధన మాత్రం మిగిలి ఉన్నది. అది సేవ నిలిచినందుకే గాని సమాచారం పోయినందుకు కాదు.

వినియోగదారుల కోర్టుకు పోవుటకు కూడా ఒక అడ్డు వచ్చినది. టెలిఫోను తగాదాలన్నీ 1885 టెలిగ్రాఫు చట్టం 7బి సెక్షను కింద మధ్యవర్తి ఎదుటనే తేలవలెనని 2009 సెప్టెంబరు 1న సుప్రీంకోర్టు తీర్పు చెప్పినది. సైడ్‌కిక్ చందాదారులు అమెరికా కోర్టుల మెట్లెక్కుటకు కొద్ది వారాల ముందు ఇక్కడ మన మెట్ల ముందు తలుపు మూసినారన్నమాట. ఆ తలుపును తెరిపించినవాడు గుజరాత్‌లోనే, అహ్మదాబాదులో ఉన్న ఒక చందాదారుడు. సగటున నెలకు 555 రూపాయల బిల్లు కట్టే ఆయనకు 2013 చివరలో 24,609 రూపాయల బిల్లు వచ్చినది. ఆయన కోరిన పరిహారం 22,000 రూపాయలు. జిల్లా ఫోరంలో 2014లో దాఖలైన ఫిర్యాదును వినే అధికారమే ఫోరానికి లేదని వొడాఫోన్ కంపెనీ సుప్రీంకోర్టు దాకా వాదించినది. 2022 ఫిబ్రవరి 16న సుప్రీంకోర్టు చందాదారుని పక్షాన తీర్పు చెప్పినది. ఒక చిన్న ఫిర్యాదును వినవచ్చునా, లేదా అని తేల్చుటకే ఎనిమిది సంవత్సరాలు పట్టినది!

ఇక సమాచారం విషయం. 2000 నాటి సమాచార సాంకేతిక చట్టానికి 2008లో చేసిన సవరణ ద్వారా 43ఎ అనే సెక్షను వచ్చి, 2009 అక్టోబరు 27 నుండి అమలైనది. సున్నితమైన వ్యక్తిగత సమాచారాన్ని తన వద్ద ఉంచుకొన్న కంపెనీ తగిన భద్రత పాటించక నిర్లక్ష్యం చూపి, దానివలన ఎవరికైనా నష్టం కలిగించితే ఆ వ్యక్తికే పరిహారం చెల్లించవలెనని ఆ సెక్షను సారాంశం. 5 కోట్ల వరకు కోరే దావాలను రాష్ట్ర ఐ.టి. కార్యదర్శియే న్యాయాధికారిగా విచారించవచ్చును. ఈ చట్టం కాగితం మీద పడి ఉన్నదేగాని పనిచేయదనేవారికి రాజస్థాన్ ఉదంతం చెప్పవలెను. సరిగా గుర్తింపు చూడకుండా ఒక చందాదారుని నంబరుకు మరొకనికి నకలు సిమ్ ఇచ్చిన ఫలితంగా ఆయన బ్యాంకు ఖాతా నుండి లక్షల రూపాయలు పోయినవి. 2021లో ఆ రాష్ట్ర ఐ.టి. శాఖ న్యాయాధికారి ఇదే చట్టం కింద విచారించి, 27 లక్షలకు పైగా చెల్లించమని వొడాఫోన్ ఐడియాను ఆదేశించినాడు. చట్టం చేతిలో ఉంటే మనిషి గెలవగలడు.

ఆ ఆయుధాన్ని ఇప్పుడు లాగుకొంటున్నారు. 2023 ఆగస్టులో పార్లమెంటు ఆమోదించిన డిజిటల్ వ్యక్తిగత సమాచార రక్షణ చట్టం 44వ సెక్షను 43ఎను తొలగిస్తున్నది. 2025 నవంబరులో నోటిఫై అయిన నిబంధనలతో పాటు దీనికి పద్దెనిమిది నెలల గడువు పెట్టినారు. అనగా 2027 మే నెలతో 43ఎ చరిత్రలో కలిసిపోతుంది. దాని స్థానంలో వచ్చినది ఏమిటి? భద్రత పాటించని కంపెనీకి 250 కోట్ల రూపాయల వరకు జరిమానా. వినుటకు ఎంతో ఘనంగా ఉన్నది. ఆ జరిమానా ఎవరికి చేరుతుంది? 34వ సెక్షను స్పష్టంగా చెబుతున్నది: భారత సంచిత నిధికి. పోయిన మూట పాండేసర కార్మికునిది, వచ్చే సొమ్ము ఢిల్లీ ఖజానాది. దెబ్బ ఒకరికి, కట్టు మరొకరికి.

ఇందులో మరింత విడ్డూరం ఉన్నది. కొత్త చట్టం సమాచార భంగాన్ని నిర్వచిస్తూ కేవలం దొంగతనాన్నే గాక, సమాచారం నాశనం కావడాన్నీ, యజమానికి అది అందకుండా పోవడాన్నీ కూడా చేర్చినది. సరిగ్గా సైడ్‌కిక్ వంటి ఘటన! భంగం జరిగితే బాధితునికి ఆలస్యం లేకుండా తెలియజేయవలెనని కూడా నిబంధన పెట్టినది. మీ సమాచారం పోయినదని కంపెనీ మీకు వర్తమానం పంపుతుంది, మీరు దానిని చదువుకొని కూర్చుండవలెను. ఇంతటితో ఆగక, అబద్ధపు ఫిర్యాదు గాని, పనికిమాలిన ఫిర్యాదు గాని చేసే పౌరునికి 10,000 రూపాయల వరకు జరిమానా కూడా పెట్టినది. ఏది పనికిమాలినదో ఎవరు నిర్ణయిస్తారు? నెల కూలిలో సగానికి పైబడే జరిమానా భయం ముందు ఏ నేతగాడు కలం పట్టుకొంటాడు?

ఇది పొరపాటున జారిపోయిన అంశం కాదు. జస్టిస్ శ్రీకృష్ణ కమిటీ 2018లో ఇచ్చిన ముసాయిదాలో బాధితునికి పరిహారం ఉన్నది. ప్రభుత్వమే 2019లో పార్లమెంటులో పెట్టిన బిల్లులోనూ ఉన్నది. 2022 నవంబరులో విడుదలైన ముసాయిదాలో మాయమైనది, 2023 చట్టంలో తిరిగి రాలేదు. ఉన్నదానిని తీసివేసిన చెయ్యి తెలిసే తీసివేసినది.

వినియోగదారుల కమిషను ఉన్నది కదా అనవచ్చును. ఉన్నది. 2019 వినియోగదారుల రక్షణ చట్టం ప్రకారం ఫిర్యాదుదారుడు తాను నివసించే చోటనే దావా వేయవచ్చును. 5 లక్షల లోపు చెల్లింపులకు సంబంధించిన ఫిర్యాదుకు రుసుము కూడా లేదు. కాని కొత్త చట్టం 39వ సెక్షను డేటా బోర్డు పరిధిలోని విషయాలను సివిలు కోర్టులు వినరాదన్నది. నిన్న 7బి సెక్షనును పట్టుకొని సంవత్సరాలు సాగదీసిన కంపెనీలు రేపు దీనిని పట్టుకొని కమిషను ముందు మాత్రం ఊరకుంటాయా?

ఎవరి జీతంలో కోత

మాకు అన్నిటికంటె మంట పుట్టించే సంగతి ఒకటి ఉన్నది. మన పాఠకులలో దాని వేడి తగలనివారు అరుదు. ఒక సంచి పోయినదనుకొనండి, ఒక పొదుపు ఖాతాలో మోసం జరిగినదనుకొనండి. అసలు దోషి దొరకకపోతే ఆ దారిలో సంతకం పెట్టిన గుమాస్తాను "సబ్సిడియరీ అఫెండరు" అని పట్టుకొంటారు. 1965 నాటి సి.సి.ఎస్. (సి.సి.ఎ.) నియమావళి 11వ నియమం ప్రకారం నిర్లక్ష్యంవలన ప్రభుత్వానికి కలిగిన నష్టాన్ని అతని జీతం నుండి వసూలు చేయవచ్చును. రైల్వేలో 1968 నాటి క్రమశిక్షణ నియమాలలో 6వ నియమం అదే పని చేస్తుంది. నెలనెలా కోత పడుతూ పదవీ విరమణ చేసిన సోదరులు ప్రతి డివిజనులోనూ ఉన్నారు. చిరుద్యోగి నిర్లక్ష్యానికి రూపాయలలో లెక్క కట్టగలిగిన ప్రభుత్వం, మహా కంపెనీ నిర్లక్ష్యానికి బాధితుని నష్టాన్ని లెక్క కట్టజాలననడం ఏమి న్యాయం?

కనుకనే మా కోరికలో ఒక షరతు ఉన్నది. పరిహారం కంపెనీ లాభాల నుండి రావలెను. రాత్రి పాళీలో సర్వరు ముందు కూర్చున్న కాంట్రాక్టు ఉద్యోగి జీతం నుండి కాదు, అతని ఉద్యోగం నుండి అంతకంటె కాదు. నకలు నిల్వలు వేరొక చోట ఉంచుటకు డబ్బు కేటాయించనివాడు యజమాని. ముగ్గురు చేయవలసిన పనిని ఒకనిపై పెట్టినవాడు యజమాని. తీరా కూలినప్పుడు దొరికేవాడు మాత్రం మీట నొక్కినవాడు!

ప్రభుత్వరంగ సంస్థకు మినహాయింపు అడిగే ఉద్దేశం మాకు లేదు. 1985లో తపాలా, టెలికాం శాఖలు విడిపోయే వరకు మనమంతా ఒకే శాఖ బిడ్డలము. బీఎస్‌ఎన్‌ఎల్ సోదరుల పోరాటం మన పోరాటమే. అయినను 2024 మే 20న సెర్ట్-ఇన్ సంస్థ బీఎస్‌ఎన్‌ఎల్‌లో చొరబాటు జరిగి ఉండవచ్చునని తెలిపినది. ఒక సర్వరులో అటువంటి సమాచారమే కనబడినదని ప్రభుత్వం జులైలో పార్లమెంటుకు చెప్పినది. ఇటువంటి చోట చందాదారునికి నష్టం రుజువైతే బీఎస్‌ఎన్‌ఎల్ కూడా చెల్లించవలెను. ప్రైవేటు వానిని వేలెత్తి చూపే మనము మన ఇంటి గడపను దాటవేయరాదు. ప్రజలు ప్రభుత్వరంగాన్ని కాపాడుకొనుటకు ముందుకు రావలెనంటే ఆ గడపలో వారికి న్యాయం ఎక్కువ దొరకవలెను, తక్కువ కాదు.

మేము కోరుతున్నది ఇది. 43ఎను తొలగించే భాగాన్ని 2027 మే లోపల ఉపసంహరించవలెను, లేదా బాధితునికే పరిహారం చెల్లించే సెక్షనును కొత్త చట్టంలో చేర్చవలెను. రైల్వే చట్టంలో వలె రుజువు భారాన్ని సమాచారం దాచినవానిపై పెట్టవలెను. నంబరు, నిల్వ, గుర్తింపు పత్రాలు పోయినప్పుడు నష్టం రుజువు కోరకుండా చెల్లించే కనీస మొత్తాల పట్టికను ప్రభుత్వం ప్రకటించవలెను. అంతకు మించి నష్టపోయినవాడు రుజువు చూపి కోరుకొంటాడు. చెల్లింపు రూపాయలలో, బాధితుని బ్యాంకు లేక తపాలా ఖాతాకు చేరవలెను. కార్డులు, కూపన్లు, అదనపు జీబీలు మాకు అక్కరలేదు. ఫిర్యాదు చేసిన పౌరునిపై 10,000 రూపాయల జరిమానాను రద్దు చేయవలెను. ఫిర్యాదు పత్రం బాధితుని భాషలో స్వీకరించవలెను. సూరత్ నగరంలో తెలుగు బిడ్డకు తెలుగులో పాఠం చెప్పవచ్చునన్నప్పుడు అతని తండ్రి ఫిర్యాదును తెలుగులో పుచ్చుకొనుటకు అడ్డేమిటి?

సూరత్, ఉధనా ప్రాంతాలలో పనిచేసే మన తెలుగు సభ్యులకు ఒక ప్రత్యేక విజ్ఞప్తి. నంబరు పోయి, ఖాతా తెరుచుకోక, ఏమి చేయవలెనో తోచక మీ కౌంటరు ముందుకు వచ్చే పాండేసర కార్మికుని "అది మా పని కాదు" అని పంపివేయకండి. ఏ తేదీన ఏమి పోయినదో, కంపెనీకి ఎప్పుడు తెలిపినాడో, కంపెనీ ఏమి బదులిచ్చినదో కాగితంపై వ్రాసి ఇవ్వండి. కంపెనీ ఇచ్చిన ఫిర్యాదు సంఖ్యను తప్పక వ్రాయించండి. 43ఎ ఇంకా అమలులోనే ఉన్నది. తగిన కేసు ఉంటే గుజరాత్ న్యాయాధికారి ముందు గడువులోపలే దాఖలు చేయుటకు శాఖలు తోడ్పడవలెను. అటువంటి కేసుల వివరాలను, బాధితుని అనుమతి తీసుకొని, శాఖా కార్యదర్శుల ద్వారా కేంద్ర కార్యాలయానికి పంపవలసినది. పార్లమెంటు సభ్యులకు ఇవ్వబోయే వినతిపత్రానికి వాటిని జతచేస్తాము.